వీధి నుంచి ఇంటికి వచ్చిన కుక్క అరుపులు తగ్గించడం ఎలా

తెల్లవారుజామున ఐదుంబావుకు పాల ప్యాకెట్లు వేసే మనిషి మెట్లెక్కుతాడు. అతని చెప్పుల చప్పుడు మొదటి అంతస్తు మలుపు దాటక ముందే మా మణి గ్రిల్ తలుపు మీదికి దూకేది. ఇనుప కమ్మీల మోత, దాని అరుపు, మెట్ల దగ్గర ఆ అరుపు ప్రతిధ్వని, పై ఇంట్లో పసిపిల్ల ఏడుపు, అన్నీ ఒకదాని వెనక ఒకటి. పెరంబూరులో మేముండేది లిఫ్టు లేని పాత అపార్ట్‌మెంటు. చెన్నైలో ఉన్నవాళ్ళకు ఇలాంటి ఇళ్ళు తెలిసే ఉంటాయి. చెక్క తలుపుకు ముందు ఒక ఇనుప గ్రిల్ ఉంటుంది, గాలి కోసం చెక్క తలుపు పగలంతా బార్లా తెరిచే ఉంటుంది. కుక్కకు అంతకంటే మంచి కాపలా చోటు దొరకదు.

మణి అన్న పేరు మేము పెట్టింది కాదు. మన ఊళ్ళలో రాజు, టామీ ఎలాగో చెన్నై వీధి కుక్కల్లో మణి అలాగ. మా వీధి చివర టీ బడ్డీ దగ్గర అది మూడేళ్ళు బతికింది. రాత్రి కొత్తవాళ్ళు కనబడితే అరిచేది, బడ్డీ యజమాని మెచ్చుకుని బన్ను ముక్క వేసేవాడు. అంటే అరవడం దాని ఉద్యోగం, బన్ను దాని జీతం. బండి తగిలి కాలు విరిగాక మేము ఇంటికి తెచ్చుకున్నాం. ఆ రోజుతో పాత ఉద్యోగం పోయిందని దానికి ఎవరు చెబుతారు? అది మా ఇంట్లోనూ నిజాయితీగా డ్యూటీ చేస్తూ వచ్చింది. మీ ఇంటికి వచ్చిన కుక్క కథ కూడా ఇంచుమించు ఇదే అయి ఉంటుంది. కాబట్టి దాని నోరు ఎలా మూయించాలా అని ఆలోచించకండి. ఇక మీదట దేనికి జీతం ఇస్తారో దానికి అర్థమయ్యేలా చెప్పాలి. అది ఎలాగో వరసగా రాస్తాను.

ముందు ఆసుపత్రి

చెవిలో పుండు, పంటి నొప్పి, సరిగ్గా అతకని ఎముక, ఒంటినిండా పిడుదులు, వీటిలో ఏది ఉన్నా కుక్క చిరాకుగానే ఉంటుంది. నొప్పితో ఉన్న కుక్కకు పాఠాలు ఎక్కవు. వేపేరిలో 1903 నుంచి ఉన్న మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రికో, మీకు దగ్గర్లోని వైద్యుడికో చూపించండి. రేబిస్ టీకా వేయించి, ఆ కాగితం జాగ్రత్త చేయండి, అది తర్వాత పనికొస్తుంది. ఈ తొలి రోజుల్లో ఎప్పుడైనా దాని పన్ను మీకు గీరుకుంటే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు మీరూ టీకాకు వెళ్ళండి. మన కుక్కే కదా అని ఊరుకోవద్దు.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే అరుపులు తగ్గుతాయని నాకు కనీసం నలుగురు చెప్పారు. ఆపరేషన్ మంచిదే, చేయించండి. మెట్ల మీద చప్పుడుకు అరిచే అలవాటుకు మాత్రం దానితో సంబంధం లేదు.

ఇలాంటి కుక్కలను చేరదీసేవాళ్ళు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతారు. మొదటి మూడు రోజులు అది బెదిరి ఉంటుంది, మూడు వారాలకు ఇంటి పద్ధతి అర్థమవుతుంది, మూడు నెలలకు ఇది నా ఇల్లు అనుకుంటుంది. ఇది శాసనమేమీ కాదు, ఒక అంచనా. అయితే మొదటి రోజుల్లో చుట్టాలను పిలిచి చూపించడం, స్నానం చేయించడం, బజారంతా తిప్పడం వద్దు. ఒక మూల, ఒక బొంత, ఒక నీళ్ళ గిన్నె, వేళకు తిండి ఉంటే చాలు. కొన్ని కుక్కలు తొలి వారం అసలు అరవవు. ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోకండి, దాని గొంతు ఇంకా తెరుచుకోలేదంతే.

మూడు రోజుల లెక్క

ఒక పాత నోటు పుస్తకం గ్రిల్ పక్కన పెట్టండి. ఎప్పుడు అరిచింది, దేనికి అరిచింది, ఎక్కడ నిలబడి అరిచింది, ఎలా ఆగింది, ఈ నాలుగూ మూడు రోజులు రాయండి. నా పుస్తకంలో మొదటి రోజు ఇలా ఉంది:

5.15. పాలు. గ్రిల్ దగ్గర. అతను కిందికి దిగిపోయాక ఆగింది.
7.40. పై ఇంటి పిల్లలు స్కూలుకు దిగుతున్నారు. గ్రిల్ దగ్గర. వాళ్ళు వెళ్ళాక ఆగింది.
11.00. ముగ్గు పిండి అమ్మే అతని మైకు. కిటికీ దగ్గర పడుకుని ఉంది. పట్టించుకోలేదు.
11.20. రైలు కూత. పట్టించుకోలేదు.
12.30. నీళ్ళ క్యాను. గ్రిల్ దగ్గర. నేను గట్టిగా కసిరాను. ఇంకా ఎక్కువైంది.

చప్పుడు పెద్దదా చిన్నదా అన్నది కాదు లెక్క. పెరంబూరులో పుట్టిన కుక్కకు రైలు కూత ఒక చప్పుడే కాదు. మన వైపు వస్తున్న కాళ్ళ చప్పుడు మాత్రం, ఎంత మెల్లగా ఉన్నా, పెద్ద వార్త. కుక్క చెవికి మన చెవికంటే చాలా ఎక్కువ అందుతుంది. మనకు 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోయే వినికిడి దానికి సుమారు 45,000 వరకు సాగుతుంది.

ఎలా ఆగింది అని రాసిన చివరి మాటలు చూడండి. పాలతను వెళ్ళిపోయాడు, పిల్లలు వెళ్ళిపోయారు. వాళ్ళు ఎలాగూ వెళ్ళేవాళ్ళే. కానీ మణి దృష్టిలో జరిగింది వేరు. నేను అరిచాను, వాళ్ళు పారిపోయారు. రోజుకు పదిసార్లు గెలుస్తున్న పనిని ఎవరైనా ఎందుకు మానుకుంటారు? నీళ్ళ క్యాను దగ్గర నేను అరవడం వల్ల దానికి తోడు కూడా దొరికింది.

అరుస్తున్నప్పుడు ఒళ్ళు ఎలా ఉందో కూడా రాయండి. బరువు వెనక కాళ్ళ మీద వేసి, తోక ముడిచి, చెవులు వెనక్కి పెట్టి అరిస్తే అది భయం. మీ ముఖంలోకి చూస్తూ ఆగి ఆగి అరిస్తే ఏదో అడుగుతోంది. మీరు లేనప్పుడు మాత్రమే గంటల తరబడి అరుస్తుందని పక్కింటివాళ్ళు చెబితే అది ఒంటరితనం, దాని సంగతి చివర్లో చెబుతాను. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్ముకుని భయపడుతున్న కుక్క దగ్గరికి మాత్రం ఎవరినీ పంపకండి.

కాపలా చోటు మూసేయండి

గ్రిల్ కింది సగానికి లోపలి వైపు పాత దుప్పటి కట్టండి. గాలి పై నుంచి వస్తుంది. కుక్క బొంతను తలుపుకు దూరంగా, వెనక గదిలోకి మార్చండి. పాలతను వచ్చే వేళకు ఆ గది తలుపు మూసి, ఫ్యానో రేడియోనో పెట్టండి. పాల సంచీని గ్రిల్‌కు కాకుండా కింద మెట్ల మొదట్లో తగిలించండి. దీంతో కుక్క ఏమీ నేర్చుకోదు. కానీ నేర్పేలోపు అది రోజూ పాత పాఠాన్ని వల్లె వేయకుండా ఆపుతుంది. ఈ దుప్పటి కట్టిన రోజే మా ఇంట్లో అరుపులు సగానికి సగం తగ్గాయి. పై ఇంటి మామి ఆ సాయంత్రం మెట్ల మీద కనబడి, మణికి ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

ఊరుకున్నందుకు జీతం

స్టీలు డబ్బా ఒకటి తీసుకోండి. ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, పనీర్, ఏది ఇష్టమైతే అది శనగ గింజంత ముక్కలుగా కోసి నింపండి. మాంసం ఇంట్లోకి రానివ్వనివాళ్ళకు పనీర్, ఉడికిన చిలగడదుంప సరిపోతాయి. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర ముక్కలు, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషంతో సమానం, వాటిని దగ్గరికి రానివ్వకండి. ఈ తాయిలాల మేరకు దాని పూట తిండి తగ్గించండి.

రోజులో ఎప్పుడైనా కుక్క ఊరికే పడుకుని కనబడితే, మాట్లాడకుండా వెళ్ళి ముందు కాళ్ళ మధ్య ఒక ముక్క పెట్టి వచ్చేయండి. తల నిమరవద్దు, శభాష్ అనవద్దు. మెచ్చుకుంటే లేచి గంతులు వేస్తుంది, అసలు పని చెడుతుంది. కాలు ఒక పక్కకు వాల్చి పడుకుంటే రెండు ముక్కలు, గడ్డం నేలకు ఆనిస్తే మూడు. మనం ఇంట్లో సాధారణంగా దీనికి తలకిందులుగా చేస్తాం. అరిచినప్పుడు అందరం పరుగెత్తుతాం, నిద్రపోతుంటే పీడా పోయిందని మన పనిలో పడతాం. రోజుకు ఇరవై ముక్కలు ఇలా ఖర్చు చేయండి. వారం తిరిగేసరికి, ఏమీ తోచనప్పుడు వెళ్ళి బొంత మీద పడుకోవడం దానికి లాభసాటి వ్యాపారమవుతుంది.

చప్పుడు ముందు, తాయిలం తర్వాత

అసలు శిక్షణ ఇక్కడుంది. దీనికి ఒక సహాయకుడు కావాలి. కింది ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే అబ్బాయిని ఐస్‌క్రీం ఆశ పెట్టి ఒప్పించాను. అతను కింది అంతస్తులో నిలబడి చెప్పు కాలితో నేలను రెండుసార్లు తట్టాలి, అంతే. నేను వెనక గదిలో మణి పక్కన డబ్బా పట్టుకుని కూర్చున్నాను. చెక్క తలుపు మూసి ఉంది.

టప్, టప్. మణి కుడి చెవి చప్పుడు వైపు తిరిగింది. అప్పటిదాకా కొద్దిగా తెరిచి ఉన్న నోరు మూసుకుంది. ఊపిరి ఆగింది. ఆ చెవి తిరగడానికీ మొదటి అరుపుకూ మధ్య ఒక్క క్షణం ఉంటుంది, మనకు దొరికేది అదే. ముక్క మూతి ముందు పెట్టాను. తిన్నది. మళ్ళీ టప్, టప్. మళ్ళీ ముక్క. ఆరుసార్లు చేసి ఆపేశాం. మొత్తం నాలుగు నిమిషాలు.

వరస తప్పకూడదు. ముందు చప్పుడు, ఒక్క ఊపిరి తర్వాత ముక్క. నేను మొదట్లో ఇక్కడే పొరబడ్డాను. అబ్బాయి సిద్ధమని ఫోనులో చెప్పగానే నా చెయ్యి డబ్బా మీదికి పోయేది. రెండు రోజులకు మణి డబ్బా మూత చప్పుడు వినగానే తలుపు వైపు అనుమానంగా చూడడం మొదలుపెట్టింది. మూత కదిలితే ఎవరో వస్తున్నారని దానికి అర్థమైంది. దాన్ని మాన్పించడానికి రోజంతా అకారణంగా మూత తీసి మూస్తూ తిరగవలసి వచ్చింది.

చప్పుడు వినగానే కుక్క తలుపు వైపు కాకుండా మీ వైపు తల తిప్పితే, ఆ మెట్టు దాటినట్టే. మాకు అది తొమ్మిదో రోజున జరిగింది. అప్పుడు అబ్బాయి ఒక మలుపు పైకి వచ్చాడు. మరో మూడు రోజులకు ఇంకో మలుపు. తర్వాత చెక్క తలుపు తెరిచి మళ్ళీ కింది నుంచి మొదలు. ఒకేసారి రెండు మార్చవద్దు, దూరం తగ్గించిన రోజు తలుపు తెరవవద్దు. ఇష్టమైన ముక్కను కూడా కుక్క ముట్టుకోకపోతే మీరు తొందరపడ్డారని గుర్తు. వెనక్కి వెళ్ళండి, మొహమాటం అక్కరలేదు.

అరిచేశాక ముక్క ఇస్తే అరుపుకు జీతం ఇచ్చినట్టు కాదా అని మా ఆయన వాదన. ఏదైనా అడుగుతూ అరిచే కుక్క విషయంలో ఆయన మాట నిజం, దానికి ఇవ్వకూడదు, లేచి పక్క గదిలోకి పోవాలి. భయంతో అరిచే కుక్క సంగతి వేరు. చీకటికి జడుసుకున్న పిల్లను ఒళ్ళోకి తీసుకుంటే జడుపు పెరగదు కదా. ముక్క ఇవ్వండి, రేపు ఇంకాస్త దూరం నుంచి మొదలుపెట్టండి.

అడుగుతూ అరిచే కుక్కను పట్టించుకోవడం మానేస్తే, తగ్గే ముందు అరుపు ఒకటి రెండు రోజులు ఇంకా పెరుగుతుంది. ఇంతకాలం పనిచేసిన మీట పనిచేయకపోతే మనమూ గట్టిగా నొక్కి చూస్తాం. సరిగ్గా ఆ సమయంలో లొంగిపోతే, ఇంత గట్టిగా అరిస్తేనే పని జరుగుతుందని నేర్పినవాళ్ళవుతారు.

చాలు అన్న మాట

పూర్తిగా అరవని కుక్క నాకు అక్కరలేదు. రెండుసార్లు అరిచి ఊరుకుంటే చాలు. దానికి ఒక మాట కావాలి, ఇంట్లో అందరూ అదే అనాలి. తెలుగు ఇళ్ళలో ఇదే చిక్కు. రా, రారా, రావే, ఇట్రా, దా, ఒక్క పిలుపుకు ఇన్ని రూపాలు. మనకు అర్థం ఒకటే, కుక్కకు అవి ఐదు వేర్వేరు చప్పుళ్ళు. పైగా మణి వీధిలో నేర్చుకున్నది తమిళం. వా అంటే తోక ఆడించేది, రా అంటే గోడను చూసినట్టు చూసేది. మేము వా అనే ఉంచేశాం, మా అత్తగారికి కొంచెం కష్టమనిపించింది.

మాట నేర్పడం ఇలా. అది అరవగానే ప్రశాంతంగా తలుపు దాకా వెళ్ళి ఒకసారి తొంగి చూడండి. తిరిగి వస్తూ, మామూలు గొంతుతో, చాలు అనండి. వెంటనే తలుపుకు దూరంగా నేల మీద ఐదారు ముక్కలు చల్లండి. ముక్కు కిందికి దించి వాసన పట్టే కుక్క అదే సమయంలో అరవలేదు. కొన్నాళ్ళకు చాలు అనగానే అదే వెనక్కి తిరిగి నేల వెతుకుతుంది. చల్లడం అప్పటి నుంచి మూడుసార్లకు ఒకసారి చేయండి. మీరు కోపంగా ఉన్నప్పుడు ఆ మాట వాడకండి, వాడితే దాని విలువ పోతుంది.

కొట్టడం, నీళ్ళు చిమ్మడం, కరెంటు కొట్టే మెడపట్టీలు వద్దు. కాళ్ళ చప్పుడు వినబడిన ప్రతిసారీ నొప్పి కలిగితే, కుక్క ఆ వచ్చే మనిషినే నొప్పికి కారణమనుకుంటుంది. ఇక ఒకరోజు హెచ్చరిక లేకుండా నేరుగా కరుస్తుంది. ఎద్దుకు చిక్కం వేసినట్టు మూతి బిగించి కట్టడం చెన్నై ఎండలో మరీ ప్రమాదం, నాలుక చాపి రొప్పడమే కుక్క ఒంటి వేడి దించుకునే దారి. పొట్టి గొలుసుతో రోజంతా కట్టేయడం, కొట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరాలు కూడా.

పని లేని ముక్కు

కుక్కకు పని లేదు, నిలబడడానికి తీరిక లేదు అంటారు. వీధిలో మణి రోజంతా పది వీధుల వాసన చూసి వచ్చేది. ఇంట్లో దానికి మిగిలింది ఆ గ్రిల్ ఒక్కటే. కాబట్టి నడకకు వెళ్ళినప్పుడు తాడు వదులుగా పట్టుకుని, అది ఎంతసేపు వాసన చూస్తే అంతసేపు నిలబడండి. దూరం ముఖ్యం కాదు. మెడపట్టీ నుంచి తల లాక్కుని పారిపోవడంలో వీధి కుక్కలు ఆరితేరినవి, ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ వేసి, మొదటి నెల మెడపట్టీకి కూడా ఇంకో తాడు కట్టండి. వేసవిలో ఆరున్నరకల్లా తిరిగి వచ్చేయాలి. సాయంత్రం బయలుదేరే ముందు అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఐదు సెకన్లు ఆనించి చూడండి. మీరు తట్టుకోలేకపోతే అదీ తట్టుకోలేదు.

ఒక పూట తిండి గిన్నెలో పెట్టకుండా పాత తువ్వాలులో చుట్టి ఇవ్వండి. ఉప్పు, పోపు లేని పెరుగన్నాన్ని అంచులున్న స్టీలు పళ్ళెంలో పల్చగా పరిచి ఫ్రీజరులో గడ్డకట్టించి ఇస్తే అరగంట నాకుతూ కూర్చుంటుంది. నాకడం, వాసన పట్టడం కుక్కను నెమ్మదింపజేస్తాయి. బంతి విసిరి పరుగులు పెట్టించడం నా అనుభవంలో దాన్ని ఇంకా రెచ్చగొట్టింది.

మీరు లేనప్పుడు

పాత ఫోనులో వీడియో పెట్టి వెళ్ళి చూడండి. తలుపు గీరడం, చొంగ కారడం, మీరు వెళ్ళిన నిమిషాల్లోనే మొదలైన ఏడుపు, ఇవి కనబడితే అది పెంకితనం కాదు. తాళం చెవులు తీసుకుని మళ్ళీ కూర్చోండి. చెప్పులు వేసుకుని విప్పేయండి. రోజుకు పదిసార్లు ఇలా చేస్తే ఆ సూచనలకు విలువ పోతుంది. తర్వాత ఐదు సెకన్లు బయట, ఇరవై సెకన్లు, మళ్ళీ ఎనిమిది, ఒక నిమిషం, ఇలా పెంచుతూ తగ్గిస్తూ పోండి. అది కంగారుపడక ముందే లోపలికి రావాలి. ఈ వారాల్లో ఎవరో ఒకరు ఇంట్లో ఉండేలా చూసుకోండి. తగ్గకపోతే పశువైద్యుడిని అడగండి, దీనికి మందులున్నాయి, వాడడం తప్పు కాదు.

పండగలు, పక్కింటివాళ్ళు

తెలుగువాళ్ళం దీపావళి అంటే రాత్రి అనుకుంటాం. చెన్నైలో అది తెల్లవారుజామున మొదలవుతుంది. టపాసులకు తమిళనాడు ప్రభుత్వం ఇచ్చిన వేళలు ఉదయం 6 నుంచి 7, రాత్రి 7 నుంచి 8. ఆ వేళలు ఎవరు పాటిస్తారో మీకు తెలుసు కాబట్టి, ఆ వారం కుక్కను తెల్లవారుజామున నాలుగున్నరకే తిప్పుకుని రండి. భోగి నాడు చీకటితోనే పిల్లలు డప్పులు వాయిస్తారు. శవయాత్ర మేళం ఏ రోజైనా రావచ్చు. ఆ పూటలు పాఠాలు వద్దు. కిటికీలు మూసి, వెనక గదిలో దాని పక్కన కూర్చుని గడ్డకట్టిన పెరుగన్నం పళ్ళెం ఇవ్వండి. ఒక పెద్ద చప్పుడు తర్వాత రెండు వారాల శ్రమ పోయినట్టు కనిపిస్తుంది. మూడు నాలుగు రోజుల్లో నేర్చుకున్నదంతా తిరిగి వస్తుంది.

పక్కింటివాళ్ళకు మీరే ముందు చెప్పండి. నేను పై ఇంటికి వెళ్ళి, ఆరు వారాలు ఓపిక పట్టండి, ఫలానా వేళల్లో శిక్షణ జరుగుతుంది, మరీ ఇబ్బందైతే ఈ నంబరుకు ఫోను చేయండి అని రాసిచ్చాను. అరుస్తోందన్న కారణంతో అపార్ట్‌మెంటు సంఘాలు కుక్కను నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ మండలి 1962లో నర్తకి రుక్మిణీ దేవి అరుండేల్ ఆధ్వర్యంలో ఈ ఊళ్ళోనే మొదలైంది. ఆ మార్గదర్శకాల కాగితం దగ్గర ఉంచుకోండి, కానీ మొదటి మాటగా దాన్ని బయటికి తీయకండి. కార్పొరేషన్ లైసెన్సు మాత్రం తప్పకుండా తీసుకోండి, టీకా కాగితం అక్కడ కావాలి.

రెండు నెలలకు మణి పాలతని చప్పుడుకు తల ఎత్తి, నా వైపు చూసి, మళ్ళీ పడుకోవడం మొదలుపెట్టింది. గ్రిల్‌కు దుప్పటి తీసేశాం. ముక్కలు రోజుకు నాలుగైదుకు తగ్గాయి. డబ్బాను మాత్రం తలుపు పక్క నుంచి తీయలేదు, మీరూ తీయకండి. మొన్న నీళ్ళ క్యాను వేసే అతను మారాడు. కొత్తతను చెప్పులు ఈడ్చుకుంటూ నడుస్తాడు.